బెత్తెడు దూరం

"'పొట్టివాళ్ళు, పొడుగువాళ్ళు అనే తేడా లేదు. ఈ కంట్రోల్ బార్ అందరికీ సరిపోతుంది. కళ్ళు మూసుకుని కొనెయ్యండి.' వింటిరా సిస్టరమ్మా? కళ్ళు మూసుకోనే కొన్నా. తెరిసేసరికి ఆస్పత్రిలో ఉండా!"

మదనపల్లె మిషన్ ఆస్పత్రి ఫిజియోథెరపీ గది గుమ్మంలో, అక్కడ పనిచేసే అమ్మకు తెచ్చిన టిఫిన్ క్యారియర్ పట్టుకుని, రూబెన్ ఉన్నచోటే ఆగిపోయాడు.

లోపల ఒకమ్మాయి గోడకున్న కప్పీ తాడును ఎడంచేత్తో మెల్లగా లాగుతూ, కుడిచేతిలోని ఫోన్లో ఇంగ్లీషు చూసి, తెలుగు చేసి చదువుతోంది. నొప్పికి మధ్యమధ్య పళ్ళు బిగిస్తోంది.

ఆమె చదివిన ఆ వాక్యాలు రూబెన్ రాసినవే.

బెంగుళూరు కంపెనీ వెబ్‌సైట్‌కు ఇంటి నుంచి వ్యాసాలు రాయడం అతని ఉద్యోగం. మిక్సీలు, బూట్లు, కుక్కల షాంపూలు... ఏది కొనాలో లోకానికి చెబుతుంటాడు. ఆర్నెల్ల కిందట కైట్‌సర్ఫింగ్ మీద రాయమన్నారు. పెద్ద గాలిపటం నడుముకు తగిలించుకుని, కాళ్ళకింద పలకతో సముద్రం మీద దూసుకుపోయే ఆట అది; ఆ గాలిపటాన్ని చేతులతో తిప్పే కర్రే కంట్రోల్ బార్. నాలుగు సైట్లు తిరగేసి మధ్యాహ్నం భోజనానికల్లా రాసి పంపేశాడు. కింద 'కెప్టెన్ డిలాన్, పదిహేనేళ్ళ సముద్ర అనుభవం' అని కంపెనీ వాళ్ళు పేరు పెట్టి, ఎవరిదో గడ్డం ఫొటో తగిలించారు. నిజానికి రూబెన్ అప్పటిదాకా సముద్రమే చూడలేదు.

"ఆ కెప్టెన్ గాని నాకు దొరికితే ఈ తాడుకే కట్టి లాగుతా" అంది అమ్మాయి.

అతని తల్లి ఎలిజబెత్ నవ్వుతూ తల తిప్పింది. "ఒరే, వచ్చినావా! పాపా, ఈడే మా వాడు రూబెన్. ఇట్లాంటియన్నీ కంప్యూటర్లో సూసి రాస్తాంటాడు. కొత్త బార్ ఏదో కొనుక్కోవాలంటివే, ఈణ్ణి అడుగు."

"మీకు కైట్ల గురించి తెలుసునా?"

"కొంచెం" అన్నాడు.

"కొంచెం తెలిసినోళ్ళే నయం. బాగా తెలిసినాయన మాట విని భుజమెముక ఇరగ్గొట్టుకున్నా."

ఆమె పేరు సోఫియా. ఊరు కుప్పం. రామేశ్వరంలో పిల్లలకు ఈత నేర్పుతుంది. అక్కడే కైట్ పట్టింది. జూన్‌లో దక్షిణపు గాలి మొదలైతే, కైట్ నేర్పే టీచరుగా పరీక్షకు కూర్చోవాలని ఆశ. ఇప్పుడు పుంగనూరులో అత్త సరోజమ్మ ఇంట్లో ఉండి, వారానికి మూడుసార్లు బస్సులో మదనపల్లెకొచ్చి చేతిని దారిలో పెట్టుకుంటోంది.

ఆ రోజే చెప్పేసి ఉంటే కథ మరోలా ఉండేది. చెప్పలేదు. చెప్పకపోగా "ఆదివారం పుంగనూరొస్తాను, పాత బార్ చూసి చెప్తాను" అన్నాడు. చేసిన పాపం కొంతైనా తీరుతుందని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. ఆమె కళ్ళు మరీ అంత పెద్దవి కాకుంటే వెళ్ళేవాడా అంటే, దానికి మాత్రం జవాబు చెప్పుకోలేదు.

ఆదివారం ఆరాధన కాగానే బస్సెక్కాడు. సరోజమ్మ మిద్దె మీద గాలి రివ్వుమంటోంది. సోఫియా పొడవాటి సంచీలోంచి బార్ తీసి అతని చేతిలో పెట్టింది. చుట్టూ నల్లటి రబ్బరు, మధ్యలో రంధ్రం, దాంట్లోంచి పోయే లావుపాటి తాడు. ఎనిమిది వందల పదాలు రాసిన వస్తువును రూబెన్ కంటితో చూడడం అదే మొదలు.

"అదేంది, మేక కొమ్ములు పట్టినట్ల పట్టుకుంటిరి! పైది కింద పెట్టినారు."

"నేను... చదివి తెలుసుకుందే ఎక్కువ."

"తెలస్తానే ఉండాదిలే" అని పకపకా నవ్వింది.

ఆ నవ్వుకు సంతోషించాలో, మిద్దె మీంచి దూకాలో అతనికి తోచలేదు.

ఆమె నడుముకు బెల్టు బిగించి, తాడు చివరున్న కొక్కేన్ని దానికి తగిలించుకుంది. పై తాళ్ళను వాటర్ ట్యాంకు ఇనప కాలికి కట్టమంది. కట్టాడు.

"ఇట్ల బార్‌ని దగ్గరికి లాక్కుంటే కైట్‌కి బలం. దూరంగా తోస్తే బలం తగ్గుతాది. గాలి మరీ రేగితే అదీ సాలదు. అప్పుడు ముందు తాళ్ళను పొట్టి సెయ్యల్ల. దానికే ఈ ట్రిమ్. ఈ తాడు లాగితే, పైనుండే ఈ పళ్ళ బిళ్ళ దాన్ని కరిసి పట్టుకుంటాది. బాగుంది గదా? ఇప్పుడు సూడండి."

బార్‌ని చేయి సాగినంత దూరం తోసి, కుడిచేయి పైకి చాపింది. వేళ్ళ కొసలు గాలిలోనే ఆగిపోయాయి. ట్రిమ్ తాడు ఇంకా పైన ఉంది.

"ఎంత దూరముందో కొలవండి."

రూబెన్ తన వేళ్ళు మధ్యలో పెట్టాడు. సరిగ్గా నాలుగు వేళ్ళు పట్టాయి.

"బెత్తెడు" అన్నాడు.

"ఈ బెత్తెడుకే ఎగిరినా. ఎగిరేటప్పుడు ఎడంచెయ్యి బార్‌ని ఒక్క పక్కకే లాగేసింది. కైట్ గిర్రున తిరిగి, నన్నెత్తి ఇసకలో కొట్టింది. నా బుద్ధి గూడా గడ్డి తిన్నిందిలే, సెయ్యి కొలుసుకోకుండా కొనడమేంది? కానీ 'తేడా లేదు' అని అంత గట్టిగా రాసినాడే, పదిహేనేండ్లు సముద్రంలో ఉండినోడు, ఆయనకు తెలీదా అనుకున్నా."

ఆ ఖాళీలో ఇంకా అతని వేళ్ళున్నాయి. పొయ్యి మీద పెట్టినట్టు వెనక్కి తీసుకున్నాడు.

ఇంతలో చినుకులు పడ్డాయి. ఇద్దరూ ట్యాంకు కిందికి దూరారు. గాలికి జల్లు పక్కనుంచి కొడుతుంటే, రూబెన్ అక్కడున్న ప్లాస్టిక్ తొట్టి ఎత్తి ఆమె భుజానికి అడ్డం పెట్టాడు. అతని వీపంతా తడిసింది. సోఫియా చూసి, చూడనట్టు తల తిప్పుకుని, మళ్ళీ చూసింది.

"మీరు మంచోళ్ళబ్బా" అంది.

అంతకంటే పెద్ద తిట్టు అతను జీవితంలో వినలేదు.

తరువాత మూడు ఆదివారాలు పుంగనూరులోనే గడిచాయి. ఈసారి రూబెన్ నిజంగా చదివాడు. గోవాలో కైట్ నేర్పేవాళ్ళకు ఫోన్లు చేశాడు. బార్ ఎంత దూరం జరగాలో ఆపే బిళ్ళ ఉంటే ఎలా, ట్రిమ్ పైన కాక ఛాతీ దగ్గరే పట్టీలా ఉంటే ఎలా, ఇసుక పడితే ఏది జారుతుంది... చీపురుకట్టకు బట్టలారేసే తాడు కట్టి నమూనాలు చేశారు. సరోజమ్మ చీపురు కోసం వెతుక్కుని, మిద్దెక్కి, ఇద్దర్నీ చూసి, ఏమీ అనకుండా దిగిపోయింది. 'మీరు' పోయి 'నువ్వు' ఎప్పుడొచ్చిందో ఇద్దరూ గమనించలేదు.

ఒక మంగళవారం పొద్దున అతని కంప్యూటర్లో కెప్టెన్ డిలాన్ పేరిట ఉత్తరం వచ్చింది.

'అయ్యా, నేను ఐదడుగులే ఉంటాను. మీ మాట నమ్మి కొన్నాను. నాకు పరిహారమేమీ వద్దు. పొట్టి చేతులవాళ్ళకు ట్రిమ్ అందకపోవచ్చని ఒక్క ముక్క చేర్చండి. ఇంకొకరు పడకూడదు. సోఫియా, కుప్పం.'

మేనేజర్ లక్ష్మీపతికి ఫోన్ చేశాడు.

"సారీ అంటే తప్పు మనదని ఒప్పుకున్నట్టే. మామూలు రిప్లై కొట్టి వదిలెయ్ రూబెన్."

రూబెన్ ఆమె అడిగిన ముక్క రాసి, చెరిపేశాడు. ఆ తర్వాత కొట్టాడు. 'మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు. సముద్రం మీకెప్పుడూ అనుకూలించుగాక!'

ఆ వారమే పుంగనూరు బస్టాండులో సోఫియా ఫోన్ అతని ముఖం ముందు పెట్టింది. నవ్వబోయింది గాని పెదవి వణికింది.

"సూడు, నేను ఏడుస్తా రాసిన ఉత్తరానికి ఈయన ఆశీర్వాదం! ఒక్క ముక్క రాసేదానికి ఏమైంది ఆ మనిషికి?"

"సోఫియా... ఆ మనిషిని నేనే."

చౌడేపల్లె బస్సు హారన్ మోగించి వెళ్ళిపోయింది. ఆమెకు వినబడలేదేమో అనుకుని మళ్ళీ చెప్పాడు. "డిలాన్ అనేటోడు లేడు. అది రాసింది నేనే. ఏమీ తెలీకుండా రాసినా."

ఆమె ముఖంలో రంగు దిగిపోయింది. "ఈ రిప్లై?"

"అదీ నేనే."

"ముందుది తెలీక రాసినావు, సరే. ఇది? నా సెయ్యి సూసినావు. బెత్తెడని కొలిసింది నువ్వు. అన్నీ తెలిసి ఇది పంపినావా?"

బస్టాండులో అందరూ తననే చూస్తున్నట్టు అనిపించింది. నిజానికి ఎవరూ చూడలేదు. సోఫియా కూడా చూడలేదు. ఆస్పత్రికి పోవాల్సిన మదనపల్లె బస్సొచ్చింది. ఎక్కింది. కిటికీలోంచి తల తిప్పలేదు.

ఇంటికెళ్ళి అమ్మకు చెప్పాడు. అన్నం కలుపుతున్న ఎలిజబెత్ చేయి ఆగిపోయింది.

"ఆ బిడ్డ నొప్పికి అరస్తాంటే ఆ భుజం తిప్పింది నేను గదరా" అంది. అంతే. రెండు రోజులు మాట్లాడలేదు. అన్నం మాత్రం పెట్టింది. అది తినడమే అతనికి కష్టమైంది.

మూడో రోజు రూబెన్ ఆ వ్యాసం మళ్ళీ రాశాడు. ముందు మీ చేయి కొలుచుకోండని మొదలుపెట్టాడు. చేయి పొట్టిదైతే ట్రిమ్ ఛాతీ దగ్గరుండేదే తీసుకోమన్నాడు. పైనుండేదే కావాలంటే, బార్ దూరం పోకుండా ఆపే బిళ్ళ ఉన్నది చూడమన్నాడు. పాత వ్యాసం రాసినప్పుడు తాను సముద్రం చూడలేదని, దానివల్ల ఒకరు గాయపడ్డారని, ఆమె ఉత్తరానికీ ఉత్త జవాబే పంపానని చెప్పి, కింద సొంత పేరు, సొంత ఫొటో పెట్టి సైట్లో ఎక్కించాడు. లక్ష్మీపతి సాయంత్రానికి దాన్ని తీసేశాడు. మరుసటి రోజు రూబెన్‌నూ తీసేశాడు. రూబెన్ దాన్ని సొంతంగా ఒక పేజీ తెరిచి మళ్ళీ పెట్టాడు. తెలుగులోనూ రాసి, కాగితం మీద ప్రింటు తీసుకుని, సోఫియా సొంతూరికి వెళ్ళిపోయిందని అమ్మ దగ్గర తెలుసుకుని కుప్పం బస్సెక్కాడు.

తలుపు తీసింది సోఫియా తండ్రి కరుణాకర్, రిటైరైన తెలుగు మాస్టారు. రూబెన్ పేరు చెప్పగానే ఆయన ముఖం బిగుసుకుంది. కాగితం తీసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, అలవాటుగా జేబులోంచి ఎర్ర పెన్ను తీశాడు. రూబెన్ వసారాలో నిలబడే ఉన్నాడు.

"ఈడ 'నా రెండు పొరపాట్లకు' అని రాసినావే. మొదటిది పొరపాటే. రెండోదీ పొరపాటేనా అప్పా?"

"కాదు సార్. తప్పు."

"మరి రాయి." పెన్ను చేతికిచ్చాడు. రూబెన్ దిద్దాడు. ఆయన చూసి తలూపాడు. "కూర్చో. సిగ్గు పడేదానికి నిలబడుకోనే ఉండనక్కర్లే. సోఫీ, ఎవరొచ్చినారో సూడు."

ఆమె గుమ్మంలోకొచ్చి, చేతులు కట్టుకుని నిలబడింది. ఎడంచేయి కుడిచేయంత సులువుగా మడిచింది. రూబెన్ అది గమనించాడు. ముఖం చూసే ధైర్యం చాలలేదు.

"యాల వచ్చినావు?"

"క్షమించమని అడిగేదానికి గాదు. నీ ఉత్తరానికి జవాబు బాకీ ఉండాది. అది ఇచ్చిపోదామని."

"సదివినా. నీ పేజీ మొన్ననే సదివినా. సెయ్యి కొలుసుకుని, నువ్వు సెప్పిందే తెప్పించుకున్నా." లోపలికెళ్ళి కొత్త బార్ తెచ్చి, కిటికీ ఊచలకు తగిలించింది. ట్రిమ్ పట్టీ ఛాతీ దగ్గరే ఉంది. రెండు వేళ్ళతో లాగింది. సర్రున వచ్చింది. "కోపం పోలేదు. అది వేరే. అది పొయ్యేదానికి శానా దినాలు పడతాది."

"పడనీ. నేను ఉంటా."

"యాడ ఉంటావు?"

రూబెన్ మొదటిసారి తలెత్తాడు. "నువ్వు తిట్టాలంటే అందేంత దగ్గర్లో. సోఫియా, నువ్వంటే నాకు ఇష్టం. ఆ ట్యాంకు కిందనే సెప్పాల్సింది. కానీ నన్ను మంచోడంటివే, ఇంక నోరు రాలేదు. ఇప్పుడు సెప్పేదానికీ సిగ్గుగానే ఉండాది."

ఆమె ట్రిమ్ పట్టీని లాగి, వదిలి, మళ్ళీ లాగింది. చెంపలు ఎర్రబడ్డాయి.

"సోమవారం రైలుకి రామేశ్వరం పోతాండా. సామాను శానా ఉండాది. ఒక్క సెయ్యి మీద బరువెయ్యొద్దని మీ అమ్మే సెప్పింది" అని లోపలికెళ్ళిపోయింది.

రూబెన్‌కు అర్థమయ్యేలోపు, పక్కనే ఉన్న కరుణాకర్ మాస్టారు ఫోన్ చేతబట్టుకుని దగ్గాడు.

"ఎలిజబెత్ సిస్టర్ నంబరు సెప్పప్పా. పెద్దోళ్ళం మేమొకసారి మాట్లాడుకోవల్ల."

రూబెన్ నోరు తెరిచాడు. చెవుల దాకా ఎర్రబడి, కన్నతల్లి నంబరులో మొదటి అంకె కూడా గుర్తురాక అలాగే నిలబడిపోయాడు. లోపలి గదిలోంచి సోఫియా దాన్ని గడగడా చెప్పేసింది.