తూకం గది ముందు తీపి అడిగితే...

కనుమ దారిలో మూతబడిన తూకం గది ఒకటుంది. ఒకప్పుడు లారీలను అక్కడ ఆపి బరువు తూచేవారు. ఇప్పుడు పగిలిన అద్దాలు, నాలుగు గోడలు... అంతే. కానీ ట్యాక్సీ స్టాండులో దాని మాటెత్తితే ఎంతటి వాగుడుకాయకైనా నోరు పడిపోతుంది.

మంచు కురిసే రాత్రి అక్కడ బండి ఆగకూడదట. ఆగితే ఆమె వస్తుందట. ఎముకలు కొరికే చలిలో ఒళ్ళంతా చెమటలు కారుతుంటే, నాలుక మడతపడుతూ తీపి అడుగుతుందట. పెట్టామా — ఇక జన్మలో వదలదు. మూడేళ్ళ కిందట ఒక లారీ డ్రైవరు ఆమెను చూసి, తలుపులు బిగించుకుని తెల్లవార్లూ కూర్చోబట్టి బతికి బయటపడ్డాడని చెబుతారు.

మీసాలాయనకు ఈ కథ కంఠతా వచ్చు. ట్యాక్సీ స్టాండు మొత్తానికి అంత మీసం ఇంకొకరికి లేదు. మీసానికున్న ధైర్యం మనిషికి లేదనీ, కరెంటు పోతే పెళ్ళాన్ని కేకేస్తాడనీ తోటివాళ్ళు ఆటపట్టిస్తారు.

ఆ సాయంత్రం రిటైరు కాబోతున్న లెక్కల టీచరమ్మ ఒకావిడ ఆయన కారెక్కింది. కనుమకు అవతల కూతురికి నొప్పులు మొదలయ్యాయట. ఆవిడ చేతిసంచి ఒళ్ళో పెట్టుకోబోతే, సామానంతా డిక్కీలోనే అన్నాడీయన, అలవాటు కొద్దీ. ఆవిడ ఏదో చెప్పబోయి, మొహమాటపడి ఇచ్చేసింది.

కొండ కింద పెట్రోలు బంకులో ఆగినప్పుడు, భోజనం ఎంతసేపట్లో దొరుకుతుందని అడిగింది. అరగంటలో కనుమ దాటేస్తాం, దాటగానే హోటలుందన్నాడు. ఆవిడ డిక్కీ తీయించి, సంచిలోంచి చిన్న పెట్టె ఒకటి పట్టుకుని బాత్‌రూముకు వెళ్ళొచ్చింది. పెట్టె మళ్ళీ సంచిలోకి, సంచి మళ్ళీ డిక్కీలోకి వెళ్ళాయి.

సగం కొండ ఎక్కేసరికి మంచు ఎత్తిపోసినట్టు కురిసింది. చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. బండి ఆగిపోయింది. లైట్ల వెలుగులో ఎదురుగా... తూకం గది.

ఫోనులో సిగ్నలు లేదు. గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి.

వెనక సీట్లో గొణుగుడు మొదలైంది. "నా సంచి... డిక్కీ..."

దిగి వెళ్ళాడు. డిక్కీ తాళం గడ్డకట్టుకుపోయింది. వేళ్ళు కొంకర్లు పోయేదాకా గుంజాడు. రాలేదు. తిరిగొచ్చి లోపలి లైటు వేశాడు.

టీచరమ్మ నుదుటి మీద చెమట. మెడ మీద చెమట. ఆ చలిలో.

"తీపి... ఏదన్నా తీపి ఉందా, బాబూ?" నాలుక మడతపడింది.

మీసాలాయనకు స్టాండులో విన్న కథ గుర్తొచ్చింది. తన కూతురి కోసం కొన్న చాక్లెట్లు చొక్కా జేబులోనే ఉన్నాయి. చెయ్యి జేబు దాకా వెళ్ళింది... అక్కడే ఆగిపోయింది. ఇందాకటి టీచరమ్మ కాదు ఈవిడ. ఆ చూపు మనిషి చూపు కాదు.

"పెట్టు..." తడి చెయ్యి ఒకటి వచ్చి ఆయన భుజం పట్టుకుంది.

విదిలించుకుని బయటికి దూకాడు. తలుపులకు తాళం వేశాడు. గదిలోకి పోలేడు, కారులోకి రాలేడు. మోకాలిలోతు మంచులో వణుకుతూ నిలబడ్డాడు. లోపల ఆవిడ అద్దాన్ని కొడుతోంది... మెల్లగా... ఇంకా మెల్లగా... చివరికి చప్పుడు ఆగింది. పీడ వదిలిందనుకుని, పాపం, నిజంగానే సంతోషించాడు.

తల్లి రాలేదని కూతురు ఫోన్లమీద ఫోన్లు చేయించబట్టి, తెల్లారేముందు మంచు తోసే బండి, దాని వెనకే అంబులెన్సూ వచ్చాయి. నర్సు ఆవిడ వేలు పొడిచి రక్తం చూసింది.

"షుగరు బాగా పడిపోయింది. ఇన్సులిన్ వేసుకున్నాక తిండి దొరకలేదల్లే ఉంది," అంటూ గబగబా గ్లూకోజు ఎక్కించింది.

మంచు బండి నడిపే ముసలాయన నిట్టూర్చాడు. మూడేళ్ళ కిందట ఇక్కడే ఇంకొకావిడ కారు చెడిపోయిందట. ఆవిడకూ షుగరేనట. ఆగివున్న లారీ పక్కన పడిపోయి ఉంటే తనే మోసుకెళ్ళాడట. "అప్పటికే ప్రాణం పోయింది. ఒక్క చెంచాడు పంచదార నోట్లో వేసుంటే బతికేదన్నారు డాక్టర్లు."

మీసాలాయన అక్కడే మంచులో కూలబడ్డాడు. దెయ్యమంటే అప్పుడు భయం వెయ్యలేదు. తనంటేనే వేసింది.

టీచరమ్మను స్ట్రెచరు మీద ఎక్కించారు. కళ్ళు తెరవలేదు. బతుకుతుందా అని అడిగాడు. నర్సు ఆవిడ నాడి పట్టుకుని చూసింది. కాగితం మీద ఏదో రాసుకుంటూ, తల ఎత్తకుండానే అడిగింది.

"స్పృహ తప్పేముందు తినడానికేమన్నా అడిగిందా?"

ఆయన చాక్లెట్లున్న జేబును అరచేత్తో మూసుకున్నాడు.

"లేదండీ," అన్నాడు.