నిదానంగా కొలిచిన వోల్టు

త్రిపుర కొలత సూదిమొనలను పలక మీదికి దించి, తాను రూపొందించిన కాంతిద్వారానికి మళ్లీ వేగం పెంచింది. ఇండియమ్ ఫాస్ఫైడ్ స్ఫటికంలో వెంట్రుకకన్న సన్నని దారి. పక్కనే బంగారు తీగ. దారిలో కాంతి, తీగలో విద్యుత్తరంగం భుజం భుజం కలిపి పరుగెత్తాలి. నిదానంలో ఒక్క వోల్టుకే వెలుగు పూర్తిగా ఆరి, పూర్తిగా వెలిగింది. సంతవేగానికి, అంటే గుంపులో కదిలే ప్రతి చేతినీ పట్టే వేగానికి, తెచ్చేసరికి తరంగం తీగ మధ్యలోనే నీరసించిపోయింది. అదే పనికి రెండు వోల్టులు కావలసివచ్చాయి. వోల్టు రెట్టింపైతే వేడి నాలుగింతలు. ఆ వేడి చేరేది పుర్రెలోకి.

ఆ పుర్రెల్లో ఒకటి పక్క కుర్చీలోనే ఉంది. పైడమ్మ చేపల రేవులో వేలం పాడే మనిషి. చూపు పోయిన ఆమెకు చెవి వెనక చూపుదారం అమర్చారు. యంత్రనేత్రం పట్టిన దృశ్యాన్ని కాంతిగా మార్చి మెదడుకు పంపేది అందులోని ద్వారమే.

"ఇంట్లో కూకుంటే ఏటీ నేదమ్మా. వేలంలో జనం ఒక్కసారి సేతులెత్తితే సెవెనకాల నిప్పెట్టినట్టుంటాది. డాక్టరు బాబేమో బెంగన్నాడు. నాకు బెంగేటి? బెంగంతా నా కాడ సేప కొన్నోడికి!"

త్రిపురకు నవ్వు రాలేదు. చూపుదారాలు అమ్మే ఈ సంస్థ ప్రకటించిన వోల్టు నిదానంలో కొలిచినది. ప్రకటించిన వేగం ఆ వోల్టుతో ఎన్నడూ అందనిది. రెండు నిజాలను పక్కపక్కన పెట్టి ఒక అబద్ధం తయారుచేశారు.

సంచాలకుడు ఫణిశాయి లోపలికి వచ్చాడు. తెరమీది గీతను చూసి గొంతు తగ్గించాడు.

"తీగ నష్టం తగ్గించిన నమూనా వచ్చే ఏడు తెద్దామండీ. అంతవరకూ నాలుగు లక్షలమందిని భయపెట్టడం దేనికి?"

"భయపెట్టకూడదు. కాల్చవచ్చు. అంతేనా?"

వేడి హద్దు దాటే ద్వారం తన ధారకుని అనుమతి అడిగి తీరాలన్నది చట్టం. హద్దు దాటిందో లేదో ద్వారాలకు తెలిసేది, అన్నిటికీ కొలతలందించే ప్రమాణకోశం చెప్పిన వోల్టును బట్టి. ఆ కోశం రూపకర్త కంఠాన్ని మాత్రమే నమ్ముతుంది.

"సంతవేగంలో," అంది త్రిపుర కోశం వైపు తిరిగి, ఒక్కొక్క అక్షరాన్నీ నొక్కి, "రెండు వోల్టులు."

"త్రిపురగారూ!" అని ఫణిశాయి చెయ్యి చాచాడు. అప్పటికే ఆలస్యమైంది.

పైడమ్మ ఉలిక్కిపడింది. "సెవిలో ఎవులో అడుగుతన్నారమ్మా. సంతలో వేడి హద్దు దాటతాది, సూపు తగ్గించనా అని."

"తగ్గిస్తే వేలంలో చేతులు మసకబారతాయి పైడమ్మగారూ. తగ్గించకపోతే లోపల కాలుతుంది. నిర్ణయం మీదే."

పైడమ్మ ఫణిశాయి వైపు తిరిగింది.

"ఇన్నాళ్లూ ఈ మాట నన్నెవులూ అడగనేదేటి బాబూ?"

అతని కళ్లు గోడమీది పటం మీద ఉన్నాయి. ఊరూరా ద్వారాలు ప్రశ్న అడగడం మొదలుపెట్టాయి. పటంలో ఒక్కో ధారకుణ్ణి చూపే పచ్చని చుక్కలు గుంపులు గుంపులుగా ఎర్రబడుతున్నాయి.

"తగ్గించు," అంది పైడమ్మ తన చెవికి. లేచి, నడకలో అంతా మసకబారడంతో గోడ తడుముకుంటూ వెళ్లి, సంచాలకుని గది గుమ్మానికి అడ్డంగా చతికిలబడింది.

"సేతులు అగుపడకపోతే రేవులో నాకేటి పని? కొత్తది సేసిచ్చినదాకా ఇక్కడే కూకుంటాను. నాలాటోళ్లు నాలుగు లచ్చలన్నావు కదా బాబూ? ఆళ్లొచ్చినాక కూకోడానికి సోటు సూసుకో."