రాయి కింద మొలకలు

అనకాపల్లిలో ప్రైవేటు డిటెక్టివ్ అంటే పెళ్ళి సంబంధాల వాకబుకే అనుకుంటారు. అలా అనుకునే జనమంటే దేవప్రసాద్‌కు ఎంత చులకనో, ఆ వాకబులతోనే బతుకుతున్న తనన్నా అంతే చులకన. సహాయకురాలు బిందుమాధవికి మాత్రం ఆయన మాట వేదవాక్కు.

శనివారం పొద్దున్నే తబితా వచ్చి కుర్చీ అంచున కూర్చుంది.

"సోమవారం మా ఆయన్ని పోలీసులకి అప్పగిత్తారంటండి. ఉజ్జోగం పోద్ది, జైల్లో పెడతారు. ఆయన ఆ పని సెయ్యలేదు బాబూ."

ఆమె భర్త రూఫస్ సర్వేలో కొలత గొలుసు పట్టి, హద్దురాళ్ళు పాతే చైన్‌మన్. శారదా నది మీద కట్టబోయే వంతెన నుంచి హైవేకు కలిపే రోడ్డు త్రినాధరావు కడుతున్న కల్యాణమండపం ముందు భాగాన్ని కోసుకుంటూ పోవాలి. శుక్రవారం ఇంజనీరు కన్నబాబు కొలిస్తే, మూడు రోడ్డు హద్దురాళ్ళు నలభై అడుగులు జరిగి పక్కనున్న పరదేశి అనే బీదరైతు చెరుకుతోటలో తేలాయి. గురువారం సాయంత్రం అక్కడ గునపంతో కనిపించింది రూఫస్ ఒక్కడే. అంతకుముందు పది రోజులూ అతను రావికమతం క్యాంపులో ఉన్నాడు.

"త్రినాధరావు ఏమంటాడు?"

"రాళ్ళు జరిపేసి, తరవాత తన దగ్గర సెయ్యి సాపుదామనుకున్నాడంటండి మా ఆయన. తనేమో బుధవారమే విశాఖ ఎళ్ళిపోయేడంట. ఊరంతా అదే సెప్తన్నారు."

"ఎవరూ అడక్కుండానే ఊళ్ళో లేనని చెప్పుకున్నాడా?" అంటూ దేవప్రసాద్ లేచాడు.

తోటలో పరదేశి కాళ్ళీడ్చుకుంటూ వచ్చాడు. "రాళ్ళెప్పుడొచ్చేయో నాకేటి తెలుత్తాది బాబూ. సెరుకు నా ఎత్తుంది, అటేపు ఎళ్ళి పక్షం దాటింది."

దేవప్రసాద్ ఒక రాయి పీకించి, గోతిలోంచి పాలిపోయిన మొలకలు తీసి రుమాల్లో కట్టాడు. పెసలు, సెనగలు, అలసందలు, బెత్తెడేసి పొడుగున్నాయి. అక్కణ్ణుంచి మండపం దగ్గరికి పోయి, మేస్త్రీ నూకరాజు ప్రహరీకి రాతిస్తంభాలు పాతుతుంటే చూస్తూ నిలబడ్డాడు. నూకరాజు ప్రతి గోతిలోనూ పిడికెడు నవధాన్యాలు పోసి మరీ రాయి దించుతున్నాడు. తిరిగొస్తూ దేవప్రసాద్ అవే గింజలు కొని, తడిగుడ్డలో కట్టి ఉంచమని బిందుమాధవికిచ్చాడు. ఈ వయసులో ఆరోగ్యం మీద ధ్యాస పుట్టిందేమో అనుకుందామె.

సోమవారం అందరూ తోట దగ్గర చేరారు. ఐదు వేళ్ళకూ ఉంగరాలతో త్రినాధరావు కారు దిగాడు. సర్కారు జీతం తినే కన్నబాబు ఆయనకు గొడుగు పట్టాడు. చూస్తుంటే బిందుమాధవికి ఒళ్ళు మండింది.

దేవప్రసాద్ అందరి ముందూ రెండో రాయి పీకించాడు. దాని కిందా అవే మొలకలు.

"ఇవి శనివారం నేను తీసినవి. ఇవి రెండు రోజులు తడిగుడ్డలో ఉన్నవి, ఇప్పుడే ముక్కు పొడిచాయి. గురువారం పాతిన రాయి కింద శనివారానికి బెత్తెడు మొలక రాదు. ఇది వారం కిందటి పని. అప్పుడు రూఫస్ రావికమతంలో ఉన్నాడు. తమరు ఊళ్ళోనే ఉన్నారు."

"గింజలు వాడే పోసుంటాడు," అన్నాడు త్రినాధరావు.

"రూఫస్ రోజుకు ఇరవై రాళ్ళు పాతుతాడు. సర్వేవాళ్ళు గోతిలో పోసేది కంకర. నూకరాజూ, గవర్నమెంటు రాయికి నవధాన్యాలేమిటయ్యా?"

నూకరాజు తల దించుకున్నాడు. "అయ్యగారే పొయ్యమన్నారండి. ఒట్టి గోతిలో రాయి దింపితే తన ఇంటికి కీడంట. నిన్నటిది కాదు, అవతలి ఆదివారం దగ్గరుండి సేయించేరు."

బీదవాడి తోట మింగడానికీ, ఒక అమాయకుణ్ణి జైలుకు పంపడానికీ భయపడని పెద్దమనిషి, పిడికెడు పెసలు పొయ్యకుండా రాయి పాతడానికి మాత్రం భయపడ్డాడు. ఇంతోటివాడినా ఊరు దొరా అంటోంది అనుకుంది బిందుమాధవి. కన్నబాబు మెల్లగా గొడుగు ముడిచాడు.

"కొలిచి పాత చోటే పాతెయ్యి రూఫస్," అన్నాడు ఇంజనీరు ఎవరి మొహమూ చూడకుండా.

పాత చోటంటే ఇప్పుడు మండపం ముందు నున్నగా పోసిన గచ్చు. త్రినాధరావు అడ్డం వచ్చాడు. "ఇవాళ అమావాస్య. నా గడపలో గునపం వెయ్యకండి. మంచిరోజు చూసి..."

"శుక్రవారం నన్ను దొంగన్నప్పుడు తమరు తిథి సూసేరేటండీ?" అని రూఫస్ గునపం ఎత్తి గచ్చు మీద వేశాడు.