ఆరువందల పన్నెండు పాటలు, ఒక్క డిస్కు

అమెరికాలోని మోరిస్‌విల్ తెలుగు చర్చిలో చచ్చిపడున్న కంప్యూటర్‌ను బతికించింది నేనే. మా ఊరి మిషన్ బడిలో ఐదో తరగతి దాకా చదివిన ఈ సుందర్ రాజ్, పెద్ద చదువులు చదివినవాళ్లు తలలు పట్టుకున్న చోట ఒక్క మాటతో పని జరిపించాడు. నమ్మకపోతే కాలేబ్‌ను అడగండి. ప్రిస్సిల్లాను మాత్రం అడక్కండి. ఆ పిల్ల నిజం చెప్పేస్తుంది.

మంగళవారం సాయంత్రం చర్చి వెనక గది తాళం తీసింది నేనే. మా అమ్మాయి ఇల్లు ఆ వెనక వీధిలోనే కాబట్టి తాళంచెవులు నా దగ్గరుంటాయి. ప్రిస్సిల్లా వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. ఇక్కడే పుట్టిన పిల్ల, ఇరవయ్యారేళ్లు, మందుల కంపెనీలో ఉద్యోగం. తెలుగు మాట్లాడితే సగం మాటలకు తోకలుండవు. కోపం వస్తే మాత్రం అన్నిటికీ తోకలు మొలుస్తాయి.

గంట తర్వాత గదిలోంచి ధన్‌మని చప్పుడైంది. వెళ్లి చూద్దును కదా, కంప్యూటర్ పెట్టెను కాలితో తన్నుతోంది.

"దాన్ని తన్నితే లేవదండీ" అని నా వెనక నుంచి ఎవరో అన్నారు.

ఎవరా అని చూస్తే కొత్త కుర్రాడు. పొడుగ్గా ఉన్నాడు, చేతిలో కాఫీ. ఎక్కడో వేరే రాష్ట్రంలోని షామ్‌బర్గ్ నుంచి ఆఫీసు పని మీద రెండు వారాలకు వచ్చాడట. ఆదివారం ఆరాధన ఎన్ని గంటలకో కనుక్కుందామని లోపలికొచ్చాడు. పేరు కాలేబ్.

"ఎక్స్‌క్యూజ్ మీ? నువ్వు డాక్టరా?" అంది ప్రిస్సిల్లా.

"కాదు. కానీ పేషెంట్‌ను తన్నకూడదని తెలుసు."

"వెరీ ఫన్నీ."

అతను వంగి తెర మీద రాసి ఉన్నది చదివాడు. కంప్యూటర్ మొదలవడం లేదు, ఇన్‌స్టలేషన్ డిస్క్ పెట్టి రిపేర్ చేయండి అని ఇంగ్లీషులో ఉంది.

"అప్‌డేట్ మధ్యలో ఎవరో ఆఫ్ చేసినట్టున్నారే."

"ఎవరో కాదు, నేనే. ఫార్టీ మినిట్స్ అలాగే తిరుగుతూ ఉంది! నాకు ఓపిక లేదు."

"అది తెలుస్తోంది" అన్నాడు పెట్టె మీద బూటు మరక చూస్తూ.

నవ్వుతుందేమో అనుకున్నాను. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు చెప్పింది సంగతి.

ఆ పెట్టెలో ఆరువందల పన్నెండు పాటలున్నాయి. వాళ్లమ్మ ప్రేమజ్యోతి ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి ఇంటికి పోకుండా నేరుగా ఇక్కడికొచ్చి, మూడేళ్లపాటు ఒక్కో పాటా తెలుగులో టైపు చేసింది. అందులో సగం మా ముసలివాళ్లు పాడగా విని రాసుకున్నవి. ఆ పాత తెలుగు అక్షరాలు ఈ పెట్టెలో తప్ప ఎక్కడ తెరిచినా కోడి గీతల్లా కనిపిస్తాయి. వచ్చే ఆదివారం చర్చికి ఇరవయ్యేళ్లు నిండుతాయి. ఆ పాటలు ప్రొజెక్టర్‌తో గోడ మీద పడాలి. అవి పోతే మళ్లీ చెప్పడానికి ఆ ముసలివాళ్లలో ఇప్పుడు ముగ్గురే ఉన్నారు. నేనొకణ్ణి, నాకా సగం పాట గుర్తుంటే సగం నేను కట్టినదే.

"ఇంకో కాపీ లేదా?" అన్నాడు కాలేబ్.

"లేదు. ముట్టుకోకు అంది మమ్మీ. నేను ముట్టుకున్నా."

"ఒక దారి ఉంది. పెట్టె విప్పి హార్డ్ డిస్క్ తీసి, నా లాప్‌టాప్‌కి తగిలిద్దాం. కానీ పాతది, విప్పినప్పుడు ఏమైనా కావచ్చు. ఆంటీ మూడేళ్ల కష్టం కదా, ఆవిణ్ణి అడక్కుండా నేను స్క్రూ ముట్టుకోను."

"మమ్మీకి తెలియకూడదు!"

"అయితే ఆ ఇన్‌స్టలేషన్ డిస్క్ వెతకాలి. దొరికాక కూడా జాగ్రత్త. రిపేర్ నొక్కాల్సిన చోట ఇన్‌స్టాల్ నొక్కితే అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి."

"నాకు నొక్కడం వచ్చు."

"చూశాగా!"

అలా మొదలైంది.

బుధవారం అతను పెన్‌డ్రైవ్ తెచ్చాడు. పాత పెట్టె దాన్ని కన్నెత్తి కూడా చూడలేదు. దానికి డిస్కే కావాలి. బీరువాలు తెరిచారు, క్రిస్మస్ అలంకరణల అట్టపెట్టెలు బోర్లించారు. నేను కుర్చీ వేసుక్కూర్చుని ధైర్యం చెప్పాను.

"మా ఊళ్లో ఒక ఆయిల్ ఇంజన్ ఉండేదర్రా. ఎంత తిప్పినా లేచేది కాదు. ఒకరోజు దాని పక్కన నిలబడి, నిన్ను అమ్మేసి కరెంటు మోటారు కొంటున్నాం అన్నాను. అంతే! మూడు రోజులు డీజిల్ పోయకుండా ఆడింది."

"డీజిల్ లేకుండా ఎలా, తాతయ్యా?"

"రోషంతో, అమ్మా."

కాలేబ్ వెంటనే కంప్యూటర్ దగ్గరికెళ్లి, "నిన్ను అమ్మేస్తున్నాం" అని చెవిలో చెప్పినట్టు చెప్పాడు. ప్రిస్సిల్లా నవ్వింది. ఆ నవ్వుకు కుర్రాడి చేతిలో అట్టపెట్టె జారి వెండిరంగు కాగితపు నక్షత్రాలన్నీ కిందపడ్డాయి. ఇద్దరూ ఏరారు. ఇరవై నక్షత్రాలు ఏరడానికి ముప్పావుగంట పట్టిందంటే, అది వెతుకులాట కాదని నాలాంటివాడికి చెప్పాలా?

గురువారం ప్రిస్సిల్లాకు ఒక విషయం గుర్తొచ్చింది. "ఆ డిస్క్ మీద మమ్మీ తెలుగులో రాసింది. బ్లూ మార్కర్. 'సిస్టమ్ డిస్క్, పారేయవద్దు' అని."

నా నోట్లో చూయింగ్ గమ్ ఆగిపోయింది.

మార్చిలో బీరువా సర్దినప్పుడు పాత డిస్కులు పది పన్నెండు నేనే ఇంటికి పట్టుకెళ్లాను. మన పొలాల్లో పిట్టలకు తళుకులు కట్టమూ? ఇక్కడ మా పెరట్లో చిక్కుడు పాదుకు పిట్టలు, ఉడతలు చాలవన్నట్టు జింకలు కూడా వస్తాయి. డిస్కులకు దారం కట్టి పందిరికి వేలాడదీశాను. పారేయవద్దని రాసి ఉన్న మాట నిజమే. నేను పారేయలేదుగా, కట్టాను!

చెప్పాల్సింది. చెప్పలేదు. ప్రేమజ్యోతి సూది వేసే చెయ్యి నాకు తెలుసు. పైగా ఆ ఇద్దరూ రోజూ సాయంత్రం ఒక బల్లకు చెరోవైపు కూర్చుని పోట్లాడుకోవడం చూడముచ్చటగా ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం కాలేబ్‌ను చిక్కుడుకాయలు ఇస్తాను రమ్మన్నాను. పందిరి కింద నిలబడి తలెత్తాడు. గాలికి డిస్కులు గిరగిరా తిరుగుతున్నాయి. వాటిలో ఒకదాని మీద నీలిరంగు అక్షరాలు. అతను వాటివైపు చూశాడు, తర్వాత నావైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను.

"తాతగారూ."

"ఈసారి కాపు బాగుంది బాబూ."

అతను దారం విప్పి డిస్కును వెలుగుకు పెట్టి చూశాడు. అంచు చిట్లిపోయింది. నాలుగు నెలల ఎండకు వెనక పూత జల్లెడలా ఉంది.

"ఇది ఇక పని చేయదండీ."

"ఆ పిల్లకు చెబుతావా?"

డిస్కును నా చేతిలో పెట్టాడు. "మీరు చెప్తే బాగుంటుంది. నేను చెప్పను."

నేను చెప్పలేదు. ఆ సాయంత్రం ప్రిస్సిల్లా అతణ్ణి నిలదీసింది.

"ఈరోజు వెతికావా?"

"వెతకడం ఇక వేస్ట్. మీ మమ్మీకి చెబుదాం, విప్పుదాం."

"ఎందుకు వేస్ట్?"

"ఎందుకో చెప్పలేను."

"ఓహో! నీకేం, రేపో మాపో షామ్‌బర్గ్ వెళ్లిపోతావు. మా అమ్మ వేళ్లు కాయలు కాసేలా టైపు చేసింది నీకు ఆటగా ఉంది. చేతగానప్పుడు చేతగాదని మొదటిరోజే చెప్పాల్సింది. నాలుగు రోజులు నా చుట్టూ తిరిగి పెద్ద మొనగాడిలా ఫోజు కొట్టావు!"

అన్ని మాటలకూ తోకలున్నాయి. కాలేబ్ నావైపు చూడను కూడా చూడలేదు. అలా చూడకపోవడమే నా గుండెకు తగిలింది. బ్యాగు తీసుకుని వెళ్లిపోయాడు.

డెబ్బయ్యారేళ్ల ముసలాడి పరువు కోసం ఒక కుర్రాడు తనకు కావాల్సిన పిల్ల చేత తిట్లు తిన్నాడు. నేనెన్ని కోతలైనా కోస్తాను గాని, ఇది మింగుడుపడలేదు.

శనివారం పొద్దున్నే ప్రేమజ్యోతికి ఫోన్ చేసి చర్చికి రమ్మన్నాను. కాలేబ్‌నూ రమ్మన్నాను. ప్రిస్సిల్లా అప్పటికే అక్కడ కంప్యూటర్‌ను బతిమాలుతోంది. ముగ్గురి ముందూ చిట్లిన డిస్కు బల్ల మీద పెట్టాను.

"అమ్మా ప్రేమజ్యోతీ, దొంగను నేనే. కుర్రాడికి నిన్ననే తెలిసింది. నా మీద చాడీ చెప్పలేక తిట్లు తిన్నాడు."

ప్రిస్సిల్లా ముఖం ఎర్రబడింది. కాలేబ్‌కు ఏమైనా చెప్పేముందు ఇంకో పని చేసింది.

"మమ్మీ, దాన్ని పాడుచేసింది నేను. అప్‌డేట్ మధ్యలో ఆపేశా. నాలుగు రోజులుగా నీకు చెప్పలేదు. సారీ."

ప్రేమజ్యోతి డిస్కును అటూ ఇటూ తిప్పి చూసింది.

"బాబాయిగారూ, జింకలు ఆగాయా?"

"ఆగలేదమ్మా."

"మరెందుకు కట్టినట్టు?" అని కూతురి వైపు తిరిగింది. "పెట్టె పాడైందని కాదే నా బాధ. నాకు చెప్పకుండా నాలుగు రోజులు ఒక్కదానివే ఏడ్చావు చూడు, అదీ తప్పు. ఆ పాటలు పోతే మళ్లీ కొడతాను. మూడేళ్లు పట్టింది, ఈసారి రెండేళ్లు చాలు. వేళ్లు అలవాటు పడ్డాయి. ఏం బాబూ, నీ పేరేమిటి?"

"కాలేబ్, ఆంటీ. వందనాలు."

"విప్పు, కాలేబ్."

'దొంగను నేనే' అన్నదే నా ఒక్క మాట. కంప్యూటర్‌ను బతికించానని మొదట్లో అన్నానే, అది పచ్చి కోత. దాని డిస్కును పందిరికెక్కించి చంపినవాణ్ణి నేను. బతికించింది ఆ కుర్రాడి స్క్రూడ్రైవర్.

హార్డ్ డిస్క్ బయటికి తీసి కేబుల్‌తో తన లాప్‌టాప్‌కు తగిలించాడు. అది టిక్కుటిక్కుమంది, ఆగింది. ప్రిస్సిల్లా తనకు తెలియకుండానే అతని మోచెయ్యి పట్టుకుంది. మళ్లీ టిక్కుమంది. వరసగా పాటలు కనిపించాయి. ఒకటి తెరిస్తే అన్నీ కోడి గీతలే.

"అక్షరాలు కూడా లోపలే ఉంటాయి, వాటినీ తెద్దాం" అన్నాడు కాలేబ్ తొణక్కుండా. ఫాంట్ కాపీ చేశాడు. కోడి గీతలు కదిలి గుండ్రటి తెలుగు అక్షరాలయ్యాయి. ప్రేమజ్యోతి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. మొదటి పాట పైకి చదివింది. ఒక తప్పు దొరికితే దిద్దింది కూడా.

ఆరువందల పన్నెండూ వచ్చాయి. మూడు చోట్ల కాపీ పెట్టారు.

కాలేబ్ కారు దగ్గరికి వెళుతుంటే ప్రిస్సిల్లా వెనకే పరుగెత్తింది. అప్పుడే వాన అందుకుంది. ఇద్దరూ తడుస్తూ పార్కింగ్‌లో నిలబడ్డారు. నేను గుమ్మంలో ఉన్నాను, చెవులు నాకింకా బాగానే పని చేస్తాయి.

"తాతయ్య కోసం నా చేత అన్ని మాటలు పడ్డావా?"

"బాగున్నాయి. మీ తెలుగంతా అందులోనే ఉంది."

"'మీ' వద్దు. సారీ కాలేబ్. ఇకనుంచి ముందు అడుగుతా, తర్వాత తిడతా."

"అయితే నేనొకటి అడగాలి. ఇక్కడి ఆఫీసులో ఓపెనింగ్ ఉంది. అప్లై చేయనా?"

"నన్నెందుకు అడుగుతున్నావ్?"

"నువ్వు వద్దంటే చేయను కాబట్టి. మంగళవారం నువ్వు ఆ పెట్టెను తన్నినప్పటి నుంచి షామ్‌బర్గ్‌కు వెళ్లాలని లేదు."

ఆమె ముఖం మీది నీళ్లు తుడుచుకుని, చాలా సీరియస్‌గా, "రెజ్యూమే పంపు. సబ్మిట్ నొక్కేది మాత్రం నువ్వే. నేను నొక్కితే ఏమవుతుందో తెలుసుగా" అంది.

ఆదివారం పాటలు గోడ నిండా పడ్డాయి. ఆరాధన తర్వాత అందరూ కలిసి తినే ప్రేమ విందులో ప్రేమజ్యోతి తన చేత్తో కాలేబ్ ప్లేటులో కోడికూర వడ్డించి, "మీ అమ్మగారి నంబరు ఇవ్వు బాబూ, మాట్లాడాలి" అంది. ప్రిస్సిల్లా నీళ్లు తాగబోయి పొలమారింది. పెళ్లి వచ్చే మే నెలలో. నన్ను పెళ్లి పందిరి అలంకరణకు దూరంగా ఉంచాలని ఇద్దరూ తీర్మానించారు.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే, ఆ వాన. ఆరోజు పక్క ఊరు క్యారీలోనూ మోరిస్‌విల్‌లోనూ ఎండ మండిపోయింది. పార్కింగ్ పక్కన గడ్డికి నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు టైమ్ ప్రకారం తిరిగి, ఇద్దర్నీ నిలువునా తడిపేశాయి. పక్కకు రెండడుగులు వేస్తే పొడిగా ఉండేది. వాళ్లిద్దరికీ ఆ సంగతి తోచలేదు. ఇది చెబితే మీ వయసువాళ్లు నమ్మరని వాన కురిపించాను.