చెల్లప్పన్ పాదం, ఏడు కాగితాలు

డాక్టరు దొర ఏడు కాగితాలను ఆసుపత్రి బల్ల మీద వరసగా పరిచాడు. ఒక్కొక్క దాని మీద పెన్సిలుతో గీసిన చిన్న పాదం ఉంది. ఏడూ చెల్లప్పన్ పాదాలే. ప్రతి సోమవారం కట్టు విప్పి, వాడి కాలిని కాగితం మీద ఆనించి, దొర చుట్టూ గీత గీసేవాడు.

చెల్లప్పన్‌కు ఎనిమిది నెలలు. పుట్టుకతోనే వాడి కుడి పాదం లోపలికి తిరిగి ఉంది. అలాగే వదిలేస్తే పెద్దయ్యాక పాదం అంచు మీద నడవాల్సి వస్తుంది. పసితనంలోనే కాలిని కొంచెం కొంచెంగా సరిచేస్తూ చెక్క బద్దలతో కడితే, కత్తితో పని లేకుండా పాదం తిన్నగా అవుతుందా? పుదుచ్చేరికి వచ్చిన ఈ ఫ్రెంచి డాక్టరు తేల్చుకోవాలనుకున్నది అదే. ఆయన మొదట కట్టింది చెల్లప్పన్‌కే.

"మొదటి నాలుగూ చూడు కనగం," అన్నాడు కాంపౌండరు అణ్ణామలై. దొర ఫ్రెంచిలో అన్నదాన్ని వచ్చినవాళ్ళకు అర్థమయ్యేలా చెప్పేది ఆయనే. "వారం వారం పాదం దారికొస్తా ఉండాది. తర్వాత మూడూ చూడు. మళ్ళీ ఎనక్కి పోయింది. బద్దలతో అయ్యే పని కాదంటున్నాడు దొర. వచ్చే వారం కొయ్యాలంట."

"ఇంత బిడ్డకి కత్తి పెడతారా అన్నా?" అంది చెల్లప్పన్ తల్లి కనగం.

వాణ్ణి ఎత్తుకుని ఉన్న అక్క తిలగం కాగితాల వంక చూడనేలేదు. ఆ మూడు వారాలు ఏం జరిగిందో ఆ గదిలో తనకొక్కదానికే తెలుసు.

వాళ్ళ ఇల్లు పుదుచ్చేరిలోనే, ఉప్పళం పేటలో. కనగం తెల్లారకముందే నూలు మిల్లుకు వెళ్తుంది. పదేళ్ళ తిలగమే తమ్ముణ్ణి చూసుకోవాలి. మూడు వారాల కిందట ఒక శనివారం, వీధిలోని మగపిల్లలందరికీ తలంటు జరుగుతోంది. ప్రతి గడప దగ్గరా ఒక తల్లో అవ్వో కాళ్ళు చాపుకుని, బిడ్డను కాళ్ళ మీద వేసుకుని, నూనెతో కాళ్ళూ చేతులూ సాగదీస్తోంది. తెల్లవారుజామున వెళ్తూనే కనగం, "ఒంటికి నూనె రాసి నీళ్ళు పొయ్యి. కట్టు మాత్రం ముట్టుకోవద్దు," అని చెప్పి ఉంది.

తిలగం ముట్టుకుంది. ఒంటికంతా నూనె పట్టించి ఒక్క కాలిని మాత్రం పొడిగా వదిలేయడానికి ఆమెకు మనసొప్పలేదు. కట్టు విప్పి, ఆ కాలికి కూడా నూనె రాసి, మెల్లగా రుద్దింది. వారాల తరబడి ఏడ్చిన పిల్లాడు రెండు కాళ్ళూ టపటపా ఆడిస్తూ కిలకిలా నవ్వాడు. ఆ నవ్వు చూశాక ఏ అక్కకైనా మళ్ళీ కట్టబుద్ధేస్తుందా?

అప్పటి నుంచి అది రోజూ జరిగే పని అయింది. అమ్మ వెళ్ళగానే విప్పేది. సాయంత్రం మిల్లు వదిలే సంగు కూత వినగానే గబగబా కట్టేసేది. దొర చెప్పినట్టు అణ్ణామలై ఎలా కడతాడో చూసి చూసి నేర్చుకుంది కాబట్టి, ఎవరికీ అనుమానం రాలేదు.

"మంగళం!" అని అణ్ణామలై బయట కూర్చున్నవాళ్ళలోంచి తర్వాతి ఆమెను పిలిచాడు.

పిళ్ళైచావడి అనే ఊరి నుంచి వచ్చిన ఆమె లోపలికి అడుగుపెట్టింది. చీరచెంగులో నెల రోజుల ఆడబిడ్డ. ఆ బిడ్డకు రెండు పాదాలూ లోపలికే తిరిగి ఉన్నాయి. దొర ఆ పాదాలను చాలాసేపు చూశాడు. చెల్లప్పన్ కాగితాలను చూశాడు. తల అడ్డంగా ఊపి ఏదో అన్నాడు.

"ఇంక ఎవరికీ బద్దలు కట్టడంట తల్లీ," అన్నాడు అణ్ణామలై. "బిడ్డ పెద్దదయినాక తీసుకురా. అప్పుడు చూస్తాడంట."

 మంగళం బిడ్డ పాదాలను చెంగుతో కప్పి వెళ్ళిపోయింది.

తిలగం తమ్ముణ్ణి ఇంకా దగ్గరికి పట్టుకుంది. చెప్తే అమ్మ చంపేస్తుంది. చెప్పకపోతే తమ్ముడికి కత్తి. ఇప్పుడు ఆ బిడ్డకూ కట్టు లేకుండా పోయింది.

"మామా, నేనే విప్పినా!" అంది.



"ఏంది నువ్వనేది?" అన్నాడు అణ్ణామలై.

"కట్టు. రోజూ విప్పినా. వాడు ఏడస్తా ఉంటే చూడలేకపోయినా. అమ్మొచ్చేలోగా కట్టేస్తా ఉంటి. బద్దల తప్పేం లేదు మామా, దొరకి చెప్పు!"

అణ్ణామలై చెప్పాడు. దొర ముఖం ఎర్రబడింది. కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చున్నాడు. ఏ రోజు మొదలైంది, రోజుకు ఎంతసేపు అని ఒక్కొక్కటే అడిగించాడు. తిలగం ఏదీ దాచలేదు. ఆయన చివరి మూడు కాగితాల మీదా ఏదో రాసి పక్కన పెట్టాడు.

"ఈ మూడూ లెక్కలోకి రావంట," అన్నాడు అణ్ణామలై. "కత్తి వద్దంట. మళ్ళీ మొదటి నించి కడతాడంట. పిల్లోడు మళ్ళీ అంతా ఏడవాల్సిందే పాపా."

కనగం కూతుర్ని కొట్టలేదు, తిట్టలేదు. చెల్లప్పన్‌ను మాత్రం తిలగం చేతుల్లోంచి తీసుకుంది. తిలగానికి దెబ్బ తిన్నా అంత ఏడుపు వచ్చేది కాదు.

"ఆ మంగళం యాడికి పోయింది? ఆ బిడ్డకీ కడతాడంట దొర," అని అణ్ణామలై అనగానే తిలగం గుమ్మం దాటింది.

వీధి మలుపులో మంగళాన్ని అందుకుంది. "అక్కా, రమ్మంటున్నాడు దొర! కడతాడంట!"

మంగళం ఆగింది. "కడితే సరిగ్గా వస్తాయా పాపా?"

అవునని చెప్పాలని తిలగానికి నోటి దాకా వచ్చింది. కాని ఆ సంగతి ఇంకా దొరకే తెలియదు.

"తెలీదక్కా," అంది. "బిడ్డ మాత్రం శానా ఏడస్తాది. నీకు విప్పేద్దామనిపిస్తాది. విప్పొద్దు. నేను విప్పినా."