రెండో పాదంలో గోడ

గురువుకు అరచెయ్యి, లఘువుకు వేలికొస. పైడితల్లి బల్లమీద దరువేస్తూ వచ్చిన ద్విపదను తూచింది. సరిపోయింది. పచ్చమీట నొక్కింది. పగడాల మడికి ఇక మందులు దిగుతాయి.

కడలి అడుగున మనుషులు కాపురముంటున్న మడులన్నిటి నుంచీ కబురు ఈ గదికే వస్తుంది. దారిలో నీళ్లు అక్షరాలు మింగేస్తాయి. మింగినచోట పూరకి యంత్రం తనకు తోచింది అతికిస్తుంది. ఒకప్పుడు "రావద్దు" కాస్తా "రావాలి" అయి, పడవ నిండా మనుషులు పోయారు. అప్పటినుంచి వచనం నిషేధం, ద్విపదే చెల్లుతుంది. రెండు పాదాల్లోనూ రెండో అక్షరం కలవాలి, అది ప్రాస. పాదం మొదటి అక్షరానికి నడిమధ్య జోడీ పలకాలి, అది యతి. మాట మారితే గణమో, యతో, ప్రాసో పట్టిచ్చేస్తుంది.

శంఖు మడి దీపం వెలిగింది.

"గాలి తగ్గిందమ్మ కాపాడ రండి
గోడ చీలిందమ్మ నీరొచ్చె లోకి"

గొంతు కొత్తది. పద్యం పంపాల్సిన పలుకరి ఏమయ్యాడో. పేరూ పనీ చెప్పుకోడానికి మాత్రం వచనం చెల్లుతుంది; ఇతను తన పేరు అప్పలస్వామి అనీ, వంటవాణ్ణనీ ముందే చెప్పుకున్నాడు. మొదటి పాదం శుభ్రంగా ఉంది. రెండోదానికి యతీ లేదు, ప్రాసా లేదు. గదిలో లక్షణం చూసే యంత్రం తిరస్కరించింది.

మళ్లీ అదే వచ్చింది. మళ్లీ తిరస్కారం. మూడోసారీ గోడే.

"సత్తిరాజు బాబూ, ఇటొచ్చి వినండి," అంది.

పర్యవేక్షకుడు చేతిలో టీ గ్లాసుతోనే వచ్చాడు. "పాపం, వంటోడికి పద్యమేటి తెలుస్తాది. నువ్వు మాత్రం ఒక్క అక్షరం దిద్దకు. దిద్దితే అది నీ మాటవుద్ది, అతంది కాదు."

"తెలుసు బాబూ."

నాలుగోసారి గొంతు నెమ్మదిగా, కూడబలుక్కుంటూ వచ్చింది.

"గాలి తగ్గిందమ్మ కాపాడ రండి
నేల చీలిందమ్మ నీరొచ్చె లోకి"

గణం కుదిరింది. యతి, ప్రాస కుదిరాయి. యంత్రం స్వీకరించి, కాపాడే పడవను పంపేసింది. అప్పలస్వామి ఊపిరి వదలడం స్పష్టంగా వినిపించింది.

పైడితల్లి అరచెయ్యి బల్లమీదే ఉండిపోయింది. నేల చీలితే పడవ పక్కగోడకు అతుక్కుంటుంది. చీలింది ఆ గోడే అయితే, పడవ తగిలిన మరుక్షణం మడి మొత్తం కూలుతుంది.

"గోడే బాబూ. మూడుసార్లూ గోడే అన్నాడు. మనం వినిపించుకోలేదని కుదిరే మాట వెతుక్కున్నాడు."

"పూరకికి ఒకసారి తోచిందే మళ్లీ తోస్తాది, పైడమ్మా. గోడ దాని మాటేమో. నీకెలా తెలుసు?"

అప్పలస్వామినే అడుగుదామంటే కింద మడికి గొంతు పోదు. స్వీకృతం, తిరస్కృతం అన్న రెండు దీపాలే పోతాయి.

కబురు అక్కడినుంచే వచ్చినట్టు కనబడేలా ఆమె శంఖు మడి ముద్రను తన మీటకు తగిలించుకుంది. వేళ్లు దరువేశాయి.

"గోడ చీలిందమ్మ కూలేను ముట్ట
మేడపై నుండియే మెల్లగా రండి"

"ఏటి సేసినావే," అన్నాడు సత్తిరాజు.

తప్పులేని పద్యం. యంత్రం స్వీకరించింది. మరుక్షణం ఆగిపోయింది. ఒకే మడి నుంచి లక్షణమున్న రెండు పద్యాలు, ఒకదాన్నొకటి కాదంటున్నాయి. ఇలాంటిదానికి సూత్రం లేదు. గదిలో పచ్చదీపాలన్నీ ఒక్కొక్కటే పసుపుకు మారాయి. పగడాల మడికి మందులు నడిమధ్యలో నిలిచాయి. పడవా నిలిచింది.

పడవకు మాత్రం మాట అటూ ఇటూ పోతుంది; దాని సరంగు గొంతు వచ్చింది. "అమ్మా, రెండూ బాగున్నాయి. ఏది నిజం?"

సత్తిరాజు వేలు ఆమె పద్యాన్ని కొట్టేసే మీట మీదికి వెళ్లింది. నొక్కలేదు. తీయనూ లేదు.

"గోడ," అంది పైడితల్లి. "పైనుంచి దిగండి, బాబూ."

"వచనంలో చెబుతున్నారు."

"అవును."

"నీళ్లు దాటాక నాకేం వినబడిందో మీకు తెలీదు కదమ్మా."

"తెలీదు."

పడవ మోటారు మళ్లీ అందుకుంది. అది మేడపైకి లేచిందో, గోడవైపు తిరిగిందో చప్పుణ్ణిబట్టి చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆమె చెవి ఒగ్గి వింటూనే ఉంది.