దిగిన ఘాట్ మళ్ళీ ఎక్కడమేటి?

సాలూరు ఘాట్‌లో రోడ్డు మీద పచ్చి కొమ్మలు కనిపించాయంటే, మలుపు అవతల లారీ ఏదో ఆగిపోయి ఉందని అర్థం. ఆ సంగతి తెలిసినవాణ్ణి కాబట్టే దిగుతున్న సైకిల్‌కి రెండు బ్రేకులూ ఒకేసారి నొక్కాను. తడిరోడ్డు మీద అలా నొక్కకూడదని కూడా తెలుసు. కాకపోతే అది కిందపడ్డాక గుర్తొచ్చింది.

లేచి, బురద దులుపుకుని మలుపు తిరిగాను. లారీ లేదు. తలకిందులుగా నిలబెట్టిన ఎర్ర సైకిలొకటి, దాని పక్కన చేతుల నిండా గ్రీజుతో ఒక అమ్మాయి. చెంప మీద కూడా ఒక గీత గ్రీజు ఉంది. అది ఆమెకి తెలిసినట్టు లేదు, నాకు చెప్పాలనిపించలేదు.

"లారీ ఏదండీ?"

"లారీ ఎక్కడిది?"

"మరి కొమ్మలు?"

"బండి ఆగిపోతే కొమ్మలు పెట్టాల. పెట్టినాను."

"సైకిల్‌కి కొమ్మలు పెట్టినోళ్ళని ఇదే సూడ్డం."

"పెట్టబట్టే ఆగినావు. లేపోతే నన్ను గుద్దీసుందువు. థాంక్స్ సెప్పవేటి?"

మోచెయ్యి దోక్కుపోయి రక్తం కారుతుండగా నేను ఆమెకి థాంక్స్ చెప్పాను. మా పరిచయం అలా మొదలైంది.

ఆమె పేరు ఝాన్సీ. సాలూరులో లారీల జగన్నాధం గారి కూతురు. ట్యూబు పంచరైంది, పంపు పనిచెయ్యడం లేదు. నా దగ్గర ఇంకో ట్యూబూ, పంపూ ఉన్నాయి. నేను చక్రం విప్పుతుంటే తన పందెం సంగతి చెప్పింది.

"ఈ ఘాట్ అడుగు నుంచి పైనున్న సుంకి దాకా ఒక్కదాన్నీ తొక్కాల. లారీ ఎక్కకూడదు, ఎవులూ తొయ్యకూడదు. గెలిస్తే మా సైకిల్ గ్రూపుతో టూరుకి పంపిస్తానన్నాడు మా నాన్న. కొండ మీద పొట్టంగి, పాడువా, అరకు. అక్కణ్ణుంచి గోస్తనీ లోయ పక్కనుంచి కిందికి."

"ఓడితే?"

"సైకిల్ అటకెక్కిపోద్ది. మళ్ళీ దింపడు."

ఆ చివరి మాట చెప్పేటప్పుడు నవ్వలేదు. సైకిల్ సీటు మీద చెయ్యి వేసి, పాలిచ్చే ఆవుని నిమిరినట్టు నిమిరింది.

"మరి నేను ట్యూబు మారిస్తే సాయం కాదేటి?"

"పంచర్ రోడ్డు తప్పు. దానికి లెక్క లేదు."

నేను వచ్చిందీ ఆ దారినే. భోగాపురం దగ్గర మా ఊరి నుంచి ఎస్.కోట, అనంతగిరి, అరకు మీదుగా కొండంతా తిరిగి, ఇప్పుడు ఇంటికి దిగుతున్నాను. అదే చెప్పాను.

"అయితే దిగు," అంది. సైకిలెక్కి పైకి వెళ్ళిపోయింది.

కిందికి చూశాను. ఇల్లు, మా అమ్మ చేసే చేపల పులుసు, మంచం. పైకి చూశాను. ఎర్ర సైకిల్ మలుపు తిరుగుతోంది. హ్యాండిల్ తిప్పేశాను. నా కాళ్ళు నన్ను తిట్టని తిట్టు లేదు.

పక్కకి చేరేసరికి ఆమె వింతగా చూసింది.

"ఏటి, ఇటొస్తన్నావు?"

"పైన టోపీ మర్చిపోయాను."

"నెత్తి మీదున్నదేటి?"

"ఇది రెండోది."

ఆమె నవ్వాపుకోలేక హ్యాండిల్ వదిలేసినంత పని చేసింది. ఆ నవ్వు వింటూ ఇంకో నాలుగు ఘాట్లు ఎక్కమన్నా ఎక్కుదును.

అసలు చిక్కు లారీలతో వచ్చింది. ఆ రోడ్డు మీద తిరిగే డ్రైవర్లలో సగం మంది వాళ్ళ నాన్న దగ్గర పనిచేసినవాళ్ళే. మొదటి లారీ పక్కకొచ్చి నెమ్మదించింది.

"అమ్మలూ, ఎక్కీ. మీ నాన్నకి సెప్పన్లే," అన్నాడు డ్రైవర్ సోములు.

"వద్దు మావా."

"ఈ బాబెవులు?"

"దారిలో కలిసినాడు."

సోములు నన్ను ఎగాదిగా చూశాడు. "ఇందాక దిగుతుంటే కింద మలుపు నుంచి సూసినాను కదేటి నిన్ను. దిగిన ఘాట్ మళ్ళీ ఎక్కడమేటి బాబూ?"

టోపీ అబద్ధం ఆయన ముందు నోరు దాటలేదు. ఊరూ పేరూ అడిగాడు, పని ఏమిటన్నాడు. త్రినాథ్‌నని, ఐస్ ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌నని, మాకో పడవ ఉందని చెప్పాను. తల పంకించి వెళ్ళిపోయాడు.

తర్వాతి లారీ డ్రైవర్ రాముడు ఇంజిన్ మోతలోనే కేకేశాడు. "భోగాపురం బాబు ఇతనేనా? ఐస్ ఫ్యాక్టరీ ఉందంట కదా."

ఆ తర్వాత ఎదురొచ్చినాయన అసలు ఆగనే లేదు. "ఓడలు ఎన్ని బాబూ?" అని అడిగి వెళ్ళిపోయాడు.

"సుంకి సేరేసరికి నీకు ఒక హార్బరు కూడా కొనిపెడతారు," అంది ఝాన్సీ.

ఇద్దరం నవ్వుతూ ఎక్కుతున్నాం. అంతలో వాన పట్టుకుంది. కొండ మీద వాన అడిగి రాదు. రోడ్డు కనిపించడం మానేసింది, ఆమె పెదాలు నీలంగా మారాయి. అయినా దిగలేదు. పళ్ళు బిగించి తొక్కుతూనే ఉంది. సుంకి ఇంక రెండు మలుపులుందనగా వెనక నుంచి హారన్ మోగింది. ఝాన్సీ గొంతు చిన్నదైపోయింది.

"మా నాన్న."

జగన్నాధం గారు ఖాళీ లారీ వేసుకుని తనే వచ్చారు. ఓడల కబురు ఆయన దాకా వెళ్ళిందన్నమాట.

"పందెం ఏటమ్మా? ఒక్కదానివీ ఎక్కాలని కదా."

"ఇతను తొయ్యలేదు నాన్నా. ముట్టుకోలేదు కూడా."

"తొయ్యక్కర్లేదు. పక్కనుంటే సాలు."

ఆమె మొహం చూడలేకపోయాను. నా సైకిలెత్తి లారీలో పడేశాను. "నేను లారీలో వస్తానండి. ఆవిడ ఒక్కర్తే ఎక్కుతాది," అని ఆయన పక్కన ఎక్కి కూర్చున్నాను.

అలా మా పెళ్ళిచూపులు మొదటి గేర్‌లో జరిగాయి. ముందు ఆమె, వెనక హెడ్‌లైట్ వేసుకుని మేము. ఆయన చూపు ఆమె వీపు మీంచి కదల్లేదు.

"పడిపోద్దేమో," అన్నారు.

"పడదండి."

"నీకెలా తెలుసు?"

"పొద్దున్నించీ సూస్తన్నాను కదండీ."

"అదే అడుగుతన్నాను. దిగినోడివి మళ్ళీ ఎందుకెక్కినావు?"

"మీ అమ్మాయి కోసమండి."

వైపర్ అటూ ఇటూ కొట్టుకుంది.

"ఓడలున్నాయా?"

"లేవండి. ఒక్క పడవ. అది కూడా మా చిన్నాన్నతో ఉమ్మడి."

"మేం పొలం దున్నినోళ్ళం. మీరు సముద్రం మీద బతికీవోళ్ళు." అద్దం మీది ఆవిరి చేత్తో తుడిచారు. "దానికి సేప వండడం రాదు."

"నేను వండుతానండి."

లారీ మలుపు తిరిగింది. ఆయన గొంతు మెత్తబడింది. "ముల్లు తీసి పెడితే తింటాది. సిన్నప్పట్నుంచీ నేనే తీసి పెట్టినాను."

"ఇంక నేను తీస్తానండి," అన్నాను. ఆయన తల తిప్పకుండానే హారన్ మీద చెయ్యి వేసి అలాగే ఉంచేశారు. ముందు ఝాన్సీ సుంకి చేరిపోయింది.

నేను దిగేసరికి ఆమె సైకిల్ పట్టుకుని, తడిసి ముద్దై, చెవుల దాకా నవ్వుతోంది.

"గెలిచినాను నాన్నా."

"గెలిచినావు. టూరుకెళ్ళు," అన్నారాయన. ఆ మాట కోసం ఆమె ఎంత ఎదురుచూసిందో, కళ్ళు తుడుచుకున్న తీరు చెప్పింది. తర్వాత నా వైపు తిరిగింది.

"నువ్వూ వస్తావా టూరుకి?"

"వస్తాను."

"లారీ ఎక్కినోడికి మా గ్రూపులో సోటు లేదు. రెండు మలుపులు ఎగ్గొట్టినావు."

నేను లారీలోంచి నా సైకిల్ దింపి, పల్లానికి తిప్పాను. పక్కన ఎర్ర సైకిల్ కూడా తిరిగింది.

"నువ్వెక్కడికే?" అన్నారు జగన్నాధం గారు. "నీది అయిపోయింది కదా."

"తెలుసు నాన్నా. ఇతనితో ఎక్కాలనుంది."

ఆయన కూతుర్ని చూశారు, నన్ను చూశారు, తువ్వాలుతో మొహం తుడుచుకుని హోటల్ వైపు నడిచారు.

"బేగి రండి. టీ సెప్తన్నాను, సల్లారిపోద్ది."

మేం బేగి రాలేదు. ఆ టీ రెండుసార్లు వేడి చేయించాల్సి వచ్చిందని మా మావగారు ఇప్పటికీ దెప్పుతుంటారు.